వీఏ 100 శాతం ఇచ్చింది, ‘శాశ్వతం’ మాత్రం అనలేదు: పీ అండ్ టీ కోసం ఇప్పుడే అడగవచ్చా?

ప్రశ్న (వర్జీనియా పాఠకురాలు)

నమస్కారమండీ. మా వారు అమెరికా సైన్యంలో ఎనిమిదేళ్ళు పనిచేశారు. ఇరాక్‌కు ఒకసారి, అఫ్గానిస్థాన్‌కు ఒకసారి వెళ్ళివచ్చారు. ఆయనకు ఇప్పుడు 46 ఏళ్ళు. 2022 నవంబరులో వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) పంపిన నిర్ణయపత్రంలో ఆయన వైకల్యాలన్నిటినీ కలిపి 100 శాతంగా తేల్చారు. విడివిడిగా, భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీకి 70, మైగ్రేన్‌కు 50, నడుముకు 40, ఎడమ కాలిలోకి దిగే నరాల నొప్పికి 20, ఎడమ మోకాలికి 20, చెవుల్లో హోరుకు 10 శాతం ఇచ్చారు.

అప్పట్లో ఆ 100 అనే అంకె చూసి ఊపిరి పీల్చుకున్నామే గాని, ఉత్తరంలో మిగిలిన వాక్యాలను శ్రద్ధగా చదవలేదు. ఇటీవల ఇంటి పన్ను మినహాయింపు కోసం మా కౌంటీ కార్యాలయానికి వెళ్ళినప్పుడు, అక్కడి ఉద్యోగిని ఉత్తరాన్ని రెండుసార్లు తిరగేసి, ‘సంపూర్ణం’ అని ఉంది గాని ‘శాశ్వతం’ అని లేదని, వర్జీనియాలో రెండు మాటలూ ఉండాల్సిందేనని చెప్పి మర్యాదగానే తిప్పి పంపారు. ఇంటికి వచ్చి చూస్తే పీటీఎస్‌డీ పేరా చివర, మెరుగుపడే అవకాశం ఉన్నందువల్ల ఈ రేటింగును శాశ్వతంగా పరిగణించడం లేదని, ముందుముందు మళ్ళీ పరీక్ష ఉంటుందని ఒక వాక్యం కనిపించింది. మిగిలిన వాటి కింద అలాంటి మాట ఏదీ లేదు.

మా పెద్దమ్మాయి వచ్చే ఏడాది కాలేజీలో చేరుతుంది. మా వారు 2021లో గోదాము ఉద్యోగం మానేసిన తర్వాత మళ్ళీ పనికి వెళ్ళలేకపోయారు. ఆయనతో పనిచేసిన ఒక స్నేహితుడు 21-4138 ఫారం మీద ‘నన్ను పీ అండ్ టీగా గుర్తించండి’ (పర్మనెంట్ అండ్ టోటల్, అంటే శాశ్వతం, సంపూర్ణం) అని ఒక్క వాక్యం రాసి పంపితే చాలంటున్నారు. మరొకరు ఆ మాటే ఎత్తవద్దని, ఉన్న 100 శాతం కూడా పోతుందని భయపెడుతున్నారు. ఇంకొక విషయం కూడా చెప్పాలి. 2022లో జరిగిన పరీక్షలో డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే మా వారు అలవాటు కొద్దీ ‘ఫర్వాలేదు సర్, బాగానే ఉన్నాను’ అన్నారట. ఆ మాట నివేదికలో అక్షరాలా అచ్చయింది. ఇప్పుడు మేము ఏం చేయడం మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (మాజీ సార్జెంట్)

అమ్మా, మీ వారి సేవకు నమస్కారం. నా సలహా ఒక్కటే: కోరి కొరివితో తల గోక్కోవద్దు. నాకూ 100 శాతం వచ్చినప్పుడు ఒక రేటింగు కింద ఇదే వాక్యం ఉండేది. నేను ఏమీ అడగకుండా, వీఏ డాక్టరు దగ్గరకు క్రమం తప్పకుండా వెళుతూ ఐదేళ్ళు గడిపాను. ఆ తర్వాత వేరే పని మీద నా ఫైలు తెరిచినప్పుడు వాళ్ళే శాశ్వతమని రాశారు. మీరు అడిగిన రోజున వాళ్ళు పీటీఎస్‌డీ ఒక్కదాన్నే చూస్తారన్న హామీ లేదు, మోకాలితో సహా అన్నిటినీ మళ్ళీ కొలవవచ్చు. పైగా 55 ఏళ్ళు దాటినవారిని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప మళ్ళీ పరీక్షకు పిలవకూడదని నిబంధన ఉంది. మీ వారికి ఇంకా ఆ వయసు రాలేదు గనుక పిలవడానికి వాళ్ళకు అడ్డేమీ లేదు.

రెండవ జవాబు (గుర్తింపు పొందిన క్లెయిమ్స్ ఏజెంట్)

సార్జెంట్ గారి భయం అర్థం చేసుకోదగినదే గాని, ఈ కుటుంబం విషయంలో ఆ సలహా సగమే పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

పీ అండ్ టీ అన్నది ఒకే మాటలా వినిపించినా అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. సంపూర్ణం అంటే రేటింగు 100కు చేరడం, లేదా వైకల్యం వల్ల ఉద్యోగం చేయలేరని తేల్చి 100 శాతం లెక్కన చెల్లించడం. శాశ్వతం అంటే ఆ స్థితి మనిషి జీవితాంతం కొనసాగుతుందని సహేతుకమైన నిశ్చయంతో చెప్పగలగడం. ఈ రెండో ప్రశ్నకు కొలమానం అమెరికా సమాఖ్య నిబంధనల సంకలనంలోని 38 సీఎఫ్ఆర్ 3.340 నిబంధనలో ఉంది. అందులో వయసును కూడా లెక్కలోకి తీసుకోవచ్చని ఉంది గనుక, 70 ఏళ్ళ మనిషికి సులభంగా వచ్చేది 46 ఏళ్ళ మనిషికి వైద్యుడి మాట తోడు లేకుండా రావడం కష్టం. మీ స్నేహితుడు చెప్పిన ఒక్క వాక్యం ఉత్తరంతో లోపం అదే. అందులో కోరిక ఉంటుంది గాని ఆధారం ఉండదు.

ఇప్పుడు మీరు ఇచ్చిన అంకెలను చూద్దాం. వీఏ శాతాలను నేరుగా కలపదు, మిగిలిన ఆరోగ్యంలోంచి కోస్తూ పోతుంది. 70కి 50 కలిస్తే (మిగిలిన 30లో సగం 15 చేరి) 85, దానికి 40 కలిస్తే 91, తర్వాత 20తో 93, మరో 20తో 94, చివరి 10తో 95 అవుతాయి. చివరి మొత్తాన్ని దగ్గరి పదికి సవరిస్తారు గనుక 95ను 100 అంటారు. అంటే చెవుల్లో హోరుకు ఇచ్చిన ఆ చిన్న 10 శాతమే మీ వారిని 90 నుంచి 100కు ఎక్కించింది. మీ 100 అంచు మీద నిలబడి ఉందన్నమాట. పీటీఎస్‌డీని 70 నుంచి 50కి తగ్గిస్తే మొత్తం 91కి దిగి, 90గా మిగులుతుంది. 2025 లెక్కల ప్రకారం, భార్యాపిల్లల అదనపు మొత్తం కలపకుండా, 100 శాతానికి నెలకు 3,831.30 డాలర్లు, 90 శాతానికి 2,297.96 డాలర్లు ఇచ్చారు. ఒక్క మెట్టు దిగితే నెలకు 1,500 డాలర్లకు పైగా పోతుంది. సార్జెంట్ గారు హెచ్చరించింది దీని గురించే అయితే, ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను.

అయితే ఊరుకుంటే ఆ పరీక్ష రాకుండా పోతుందా? పోదు. మీ ఉత్తరంలోనే పునఃపరీక్ష ఉంటుందని రాశారు. పీటీఎస్‌డీని పక్కన పెడితే మిగిలిన ఐదూ కలిపి 83 మాత్రమే, అంటే 80 శాతం. కాబట్టి పీటీఎస్‌డీ శాశ్వతమని తేలనిదే మీకు పీ అండ్ టీ రాదు. ప్రశ్న అడగాలా వద్దా అన్నది కాదు. ఆ పరీక్ష వచ్చే రోజుకు ఫైల్లో ఏముంటుందన్నదే అసలు విషయం.

ఫైల్లో ఉండాల్సిన మొదటి కాగితం, మీ వారికి వైద్యం చేస్తున్న మానసిక వైద్యుడి నుంచి. ఆయన రోగం పేరు, మందుల పేర్లు రాసి ఊరుకుంటే చాలదు. ఎన్నేళ్ళుగా చూస్తున్నారు, ఏ చికిత్సలు ప్రయత్నించారు, వాటి వల్ల ఎంత మార్పు వచ్చింది, ఇకపై ఉద్యోగం చేయగల స్థాయికి మెరుగుపడతారని ఆశించవచ్చా లేదా అన్న చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు, దానికి కారణం రాయాలి. వీఏ డాక్టర్లు కొందరు ఇలాంటి ఉత్తరాలు రాయడానికి వెనకాడతారు. అప్పుడు కనీసం ప్రతి సందర్శన నోట్సులోనైనా ఆ వివరం చేరేలా మీ వారు ఉన్నది ఉన్నట్టు మాట్లాడాలి. ‘బాగానే ఉన్నాను’ అన్న మాట మన ఇళ్ళలో పలకరింపుకు జవాబు, పరీక్ష గదిలో అది వైద్యపరమైన వాంగ్మూలం. అబద్ధం చెప్పమని కాదు, మర్యాద కోసం నిజాన్ని దాచవద్దని అంటున్నాను.

మీరు పైపైన చెప్పి వదిలేసిన ఒక విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. ఆయన 2021 నుంచి పని చేయడం లేదన్నారు. అందుకు కారణం పీటీఎస్‌డీ ఒక్కటే అయితే, 21-8940 ఫారం ద్వారా ఉద్యోగ అసమర్థత కింద, అంటే టీడీఐయూ కింద, ఆ ఒక్క వైకల్యం మీదే సంపూర్ణ రేటింగు అడగవచ్చు. ఒకే వైకల్యం 60 శాతం లేదా అంతకు మించి ఉంటే సాధారణ అర్హత సరిపోతుంది, ఆయనకు 70 ఉంది. ‘ఇప్పటికే 100 ఉండగా అది దేనికి?’ అని చాలామంది అడుగుతారు. 2008లో బ్రాడ్లీ వర్సెస్ పీక్ అనే కేసులో వెటరన్స్ కోర్టు దీనికే జవాబిచ్చింది. ఒకే వైకల్యం మీద టీడీఐయూ వచ్చి, దానితో సంబంధం లేని మిగతావి కలిపి 60 శాతం ఉంటే, ‘ఎస్’ స్థాయి ప్రత్యేక నెలసరి పరిహారానికి అర్హత వస్తుంది. మీ వారికి మిగతావి 83 ఉన్నాయని ఇందాకే లెక్కవేశాం. 2025లో ఆ స్థాయికి, కుటుంబ సభ్యుల మొత్తం కలపకుండా, నెలకు 4,288.45 డాలర్లు. అంతకు మించి, ఆ మార్గంలో సంపూర్ణత ఒక్క పీటీఎస్‌డీ మీదే నిలబడుతుంది గనుక చెవి హోరు, మోకాలు అంకెల మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గుతుంది. శాశ్వతత్వాన్ని టీడీఐయూకు కూడా ఇస్తారు.

ఇక వాళ్ళు తగ్గించాలనుకున్నా రాత్రికి రాత్రే తగ్గించలేరు. చెల్లింపు తగ్గేలా ఉంటే ముందుగా ప్రతిపాదన పంపాలి, ఆధారాలు ఇవ్వడానికి 60 రోజులు, విచారణ కోరడానికి 30 రోజులు గడువు ఇవ్వాలి. ఐదేళ్ళకు పైగా ఒకే స్థాయిలో నిలిచిన రేటింగును ఒక్క పరీక్ష చూసి తగ్గించడం కుదరదు, నిలకడైన మెరుగుదల చూపాలి. 20 ఏళ్ళు నిండిన స్థాయిని మోసం రుజువైతే తప్ప కదపలేరు. మీ ఐదేళ్ళు ఉత్తరం తేదీ నుంచి కాకుండా రేటింగు అమల్లోకి వచ్చిన తేదీ నుంచి లెక్కవేసుకోండి. ఆ రెంటి మధ్య చాలా నెలల తేడా ఉండవచ్చు.

ఏదైనా పంపే ముందు కోడ్ షీట్, అంటే వైకల్యాల శాతాలు, తేదీలు ఉండే వీఏ పట్టిక, తెప్పించుకోండి. మామూలుగా ఇంటికి వచ్చే ఉత్తరంతో దాన్ని జతచేయరు. కౌంటీ వెటరన్స్ అధికారి గాని, మీరు ప్రతినిధిగా నియమించుకున్న సంస్థ గాని వీఏ కంప్యూటరులో చూడగలరు, లేదా 20-10206 ఫారంతో అడగవచ్చు. పునఃపరీక్ష ఏ నెలలో అన్నది అందులో ఉంటుంది. ఈ సహాయానికి వెటరన్ల సేవా సంస్థలు డబ్బు తీసుకోవు. పీ అండ్ టీ ఖాయంగా ఇప్పిస్తామని ముందుగానే రుసుము అడిగే, వీఏ గుర్తింపు లేని కంపెనీలు ఫోన్ చేస్తే పెట్టేయండి.

మూడవ జవాబు (మరొక సైనికుని భార్య)

ఏజెంట్ గారు దారి చెప్పారు గనుక, దారి చివర ఏముంటుందో నేను చెబుతాను. మా వారికి పీ అండ్ టీ వచ్చి రెండేళ్ళవుతోంది.

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మార్పు చాంప్‌వీఏ వల్ల వచ్చింది. ఇది భార్యకు, పిల్లలకు వీఏ ఇచ్చే ఆరోగ్య రక్షణ. మీ వారు 20 ఏళ్ళ సర్వీసుతో రిటైరై ట్రైకేర్ (సైన్యం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవారు కాదు గనుక మీకు ఇది వర్తిస్తుంది. ఏడాదికి మనిషికి 50 డాలర్లు, కుటుంబానికి 100 డాలర్లు మొదట మనం పెట్టుకుంటే, ఆ తర్వాత అనుమతించిన ఖర్చులో 25 శాతం మన వాటా. ఏడాదికి 3,000 డాలర్లు దాటితే మిగతాది వాళ్ళే భరిస్తారు. నెలసరి ప్రీమియం లేదు. పిల్లలకు 18 ఏళ్ళ వరకు, చదువుకుంటూ ఉంటే 23 వరకు ఉంటుంది. అయితే 18 నిండగానే కాలేజీ నుంచి నమోదు పత్రం పంపాలి. మేము పది రోజులు ఆలస్యం చేసినందుకు మా అబ్బాయి కార్డు ఆగిపోయి, పన్ను నొప్పి కూడా అప్పుడే వచ్చి, నానా అవస్థా పడ్డాం (పంటి వైద్యానికి అది ఎలాగూ వర్తించదని తర్వాత తెలిసింది).

మీ అమ్మాయి చదువు సంగతి. చాప్టర్ 35 కింద పిల్లలకు, భార్యకు 36 నెలల వరకు నెలసరి విద్యాభత్యం ఇస్తారు, దరఖాస్తు 22-5490. పీ అండ్ టీ నిర్ణయం వచ్చిన ఏడాది లోపలే దరఖాస్తు చేయండి. రేటింగు వెనుక తేదీ నుంచి అమలైతే, అప్పటికే చదివిన నెలలకు అడగడానికి ఆ ఏడాది గడువు కీలకం. ఇందులో ఒక మెలిక ఉంది. 18 దాటిన అమ్మాయి ఈ భత్యం తీసుకోవడం మొదలుపెడితే, మీ వారి పరిహారంలో ఆమె పేరిట వచ్చే అదనపు మొత్తం ఆగిపోతుంది. రెండూ ఒకేసారి ఇవ్వరు. మేము ఆ సంగతి చెప్పడం మరచిపోయి, ఎక్కువగా వచ్చిన డబ్బు వెనక్కి కట్టాం.

ఇంటి పన్ను మాట నిజమే. టెక్సస్‌లో ఉన్న మా చెల్లెలి కుటుంబానికి 100 శాతం రేటింగు ఉంటేనే సరిపోయింది, ‘శాశ్వతం’ అడగలేదు. వర్జీనియాలో 2011 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మినహాయింపుకు 100 శాతం, శాశ్వతం, సంపూర్ణం అన్నీ కావాలి. కౌంటీ ఉద్యోగిని తప్పు చెప్పలేదు.

ప్రశ్న అడిగిన పాఠకురాలు (మూడు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. కౌంటీ అధికారి కోడ్ షీట్ తీసి చూపించారు. పీటీఎస్‌డీ ఎదురుగా 2027 నవంబరులో పునఃపరీక్ష అని ఉంది, మిగిలిన ఐదింటికి ఏమీ లేదు. రేటింగు అమలు తేదీ 2022 ఫిబ్రవరి. రెండు సందేహాలు మిగిలాయి. ఇంట్లో ఏం జరుగుతోందో నేను రాసి ఇస్తే వీఏ లెక్కలోకి తీసుకుంటుందా? టీడీఐయూ తీసుకున్నాక ఆయన ఎప్పటికైనా చిన్న పని చేసుకోవాలనుకుంటే కుదురుతుందా?

ఏజెంట్

అంటే 2027 ఫిబ్రవరికి ఐదేళ్ళు నిండుతాయి, పరీక్ష ఆ తర్వాతే ఉంది. ఇది మీకు అనుకూలమైన విషయం, సార్జెంట్ గారి ఓపిక పాఠం ఇక్కడ కొంత పనిచేస్తుంది. అయితే టీడీఐయూ అడిగితే పీటీఎస్‌డీ పరీక్ష ముందే జరిగే అవకాశం ఉంది. డాక్టరు ఉత్తరం గట్టిగా ఉంటే ఇప్పుడే వెళ్ళమంటాను. ఉత్తరం మెత్తగా ఉంటే, ఐదేళ్ళు నిండేదాకా చికిత్స నోట్సు పోగుచేసుకుని వెళ్ళమంటాను. కాలేజీ భత్యం కోసం తొందరపడి బలహీనమైన ఫైలుతో వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

మీ వాంగ్మూలాన్ని తప్పక తీసుకుంటారు, దానికి 21-10210 ఫారం ఉంది. ‘ఆయన చాలా బాధపడుతున్నారు’ అని రాయకండి, అది అందరూ రాస్తారు. చూసినవి రాయండి: రాత్రి ఎన్నిసార్లు లేచి తలుపు గడియ చూస్తారు, పిల్లల పాఠశాల కార్యక్రమాల్లో ఎన్నిటికి రాలేకపోయారు, గోదాములో చివరి నెలల్లో ఎన్ని రోజులు మధ్యలో ఇంటికి వచ్చేశారు. తేదీలు గుర్తుంటే వేయండి, గుర్తు లేకపోతే ఊహించి వేయకండి.

పని విషయానికి వస్తే, టీడీఐయూ ఉన్నవారు సంపాదన ఒక మనిషికి నిర్ణయించిన సమాఖ్య పేదరిక రేఖ లోపల ఉండేలా చిన్న పని చేసుకోవచ్చు. దాన్ని మించిన ఉద్యోగాన్ని వరుసగా 12 నెలలు నిలుపుకుంటే తప్ప, పనిలో చేరినంత మాత్రాన టీడీఐయూ తీసివేయరు. పరీక్ష తేదీ ఉత్తరం వస్తే మాత్రం ఏ కారణం మీదా వెళ్ళకుండా ఉండవద్దు. కారణం చెప్పకుండా మానేస్తే రేటింగు తగ్గించడానికి అదొక్కటే చాలు.

ప్రశ్న అడిగిన పాఠకురాలు

డాక్టరు గారు ఉత్తరం ఇచ్చారు. మెరుగుదల ఆశించలేమన్న మాట, అందుకు కారణం రెండూ ఉన్నాయి. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని 21-8940 నింపాం. అందులో మూడు తేదీలు అడిగారు: వైకల్యం పూర్తికాలపు పనిని దెబ్బతీసిన రోజు, చివరిగా పూర్తికాలం పనిచేసిన రోజు, పని చేయలేని స్థితికి చేరిన రోజు. మా వారు మూడు చోట్లా ఉద్యోగం మానేసిన తేదీనే వేయబోయారు. నేను ఆపి, పాత జీతం చీటీల పెట్టె తెచ్చాను. 2020 ఆగస్టు నుంచి గంటలు తగ్గుతూ వచ్చాయి. ఆయన ఆ చీటీలను ఒక్కొక్కటిగా వరుసలో పేర్చి, మొదటి గడిలో ఆగస్టు అని రాశారు.